వాది

శుక్రారం. సూర్ నుంచి తీవీ దాకా
ఖల్ఫాన్ పికప్ వెనుక, పైపుల మీద కూసోని పోయినం
నేను, కొమురెల్లి, మొఫిజుల్.
"తీవీకి పోతున్న" అంటే ఫోన్ల మా ఆమె
"ఎన్ని ఇంచులది?" అన్నది.
జీతం సంగతి ఆమె అడగలే. నేను చెప్పలే.

కొండ చీలిన కాడ బండి ఆపి
ఖల్ఫాన్ చెయ్యి సూపిండు: "వాది."

వాది అంటే మాకెరికే.
నాలుగు నెలల సంది మేమే వాదులం,
సూర్ల లేబర్ ఆఫీసుల, నాలుగో కిటికీ కాడ,
ఏడు నెలల జీతం కోసం.
ఈడ వాది అంటే వాగట.
వాగుకు ఎవని మీద కేసో.

బూట్లు ఇప్పలే. కంపెనీ బూట్లు,
ముందట ఉక్కు తొడిగినయి,
నీళ్లల్ల దిగంగనే ఒక్కోటి శేరు బరువెక్కినయి.
ఫోన్లు బండ్లనే పెట్టమన్నడు ఖల్ఫాన్.
"తడిసే కాయితాలేమన్న ఉన్నయా?"
పాసుపోర్టులు కంపెనీ అల్మారల పొడిగున్నయి.
చేతులూపుకుంట దిగినం.

మడిమల లోతు. మోకాళ్ల లోతు.
బాలింతకు తోడిన నీళ్ల లెక్క గోరువెచ్చగ.
గులకరాయి మీద అడుగేస్తే అది పక్కకు జరిగి
ఇంకో రాయికి అప్పజెప్తది, అది ఇంకోదానికి,
ఫోర్‌మన్ మేనేజరు మీదికి తోసినట్టు.
కొమురెల్లి రెండుమాట్లు కూలవడ్డడు.
మూడోమాటు నీళ్లల్లనే కూసోని
"ఇది గూడ రాస్కోన్రి" అన్నడు.

రెండు దిక్కుల గోడలు.
నాకు క్రేను బూము తోటి కొలుసుడు తప్ప ఇంకోటి రాదు:
మూడు బూములు, ఇంకా కొంత మిగుల్తది.
నీళ్లే కోసినయట.
తొందర లేని పనోడు, ఓవర్‌టైం అడగనోడు.
నా తల మీద రెండు నిలువుల ఎత్తున, రాతి పగుల్ల
ఎండిన ఖర్జూరపు మట్ట ఇరికి ఉన్నది.
"గంత పైన ఎవరు పెట్టిన్రు?"
"నీళ్లే. పోయినేడు."
అటెనుక మాటిమాటికి మీదికి సూసుకుంటనే నడిసినం.
ఆకాశం గాయానికి కట్టే పట్టీ అంత.
తెల్లగ. మబ్బు లేదు.

ఖుబ్జు, టమాట తొక్కు.
తినేటందుకు బూట్లిప్పి కాళ్లు మడుగుల పెడితే
వేలెడంత చేపలు గుంపు కట్టి వచ్చినయి.
సిమెంటు తిన్న మడిమలను
అవి తింటున్నయి.
మొఫిజుల్‌కు చక్కిలిగిలి.
ఆరేండ్ల సంది వాని పక్క బంకుల పంటున్న,
వాడు గట్ల నవ్వంగ ఇనలే.

అటెనుక నడక లేదు. నీళ్లు మెడకు వచ్చినయి.
రెండు బండల నడుమ తలకాయ పట్టేంత సందు.
గదువ మీదికెత్తి, ఒక్కొక్కలం.
నాకు ఈత రాదు.
మా ఊరి ఒడ్డుకే వరద కాలువ, అయినా రాదు.
చెప్తే తీస్కపోరని చెప్పలే.
కొమురెల్లి నా అంగి కాలరు పట్టి గుంజిండు.
అదే కాలరు మొన్న కూడ పట్టిండు,
ఇరువై రియాళ్ల అప్పు కాడ.
గుండీ అప్పుడే తెగింది.

లోపల చీకటి అనుకున్న. పచ్చటి వెలుతురు.
మీదికెల్లి నీళ్లు పడుతున్నయి,
ఎవ్వలూ దరఖాస్తు పెట్టకుంటనే.

మొఫిజుల్ వాళ్లమ్మ పేరు పెట్టి కేకేసిండు.
గుహ ఆమెను పిలిసింది.
నాకేం అరవాలెనో తెల్వలే.
కేసు నంబరు అరిసిన. తెలుగుల. ఆగి ఆగి,
అంకె వెనుక అంకె.
నాలుగు నెలలల్ల మొదటిపారి
ప్రతివాది హాజరై
ఒక్క అంకె తప్పకుంట తిరిగి జెప్పిండు.
వాయిదా అడగలే.

ఖల్ఫాన్ బయటికెల్లి పిలుస్తున్నడు, పొద్దు వాలుతుందని.

ఆదివారం మళ్ల నాలుగో కిటికీ,
పదకొండో నంబరు టోకెను.
బూట్లు ఇంకా ఆరలే.
నడుస్తుంటే ఆఫీసు నున్నటి గచ్చు మీద
కిచకిచమని సప్పుడు.
గుమాస్తా కాయితాల మీదికెల్లి తలెత్తి సూసిండు.